ఇరవై ఎనిమిదినాటి వైను

మిలిటరీ మెస్సు నుంచి తిరిగి వచ్చిన సీసాను బెహరామ్‌జీ సేఠ్ కౌంటరు మీద పెట్టాడు. దాని పక్కన ఒక గ్లాసు పెట్టాడు.

రూఫస్ చేతులు తుండుకు తుడుచుకుని వచ్చాడు. సీసాలో సగానికి పైగా వైను అలాగే ఉంది. రెండు వేళ్ల మందం గ్లాసులోకి వంచి, ఆబిడ్స్ రోడ్డు వైపు కిటికీ దగ్గరికి వెళ్లి, గ్లాసును ఏటవాలుగా పట్టి చూశాడు. మధ్యలో ముదురు ఎరుపు, అంచున ఇటుకరంగు. రంగుకు వంక పెట్టడానికి లేదు. గ్లాసును మూడుసార్లు తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చల్లటి గాలి లోపలికి పోయింది. అంతే. ఐదు వారాలుగా అదే. గుక్కెడు నోట్లోకి తీసుకుని, నాలుక మీద దొర్లించి, మూలనున్న ఇత్తడి ఉగల్దాన్‌లో ఉమ్మేశాడు. పులుపు ఉండవలసినంత ఉంది. వగరు ఉండవలసినంత ఉంది.

“మంచిగనే ఉన్నది సేఠ్.”

సేఠ్ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని అతని వంకే చూశాడు. తర్వాత తనే ఆ గ్లాసు అందుకుని వాసన చూసి ముఖం తిప్పుకున్నాడు.

“నాకు వైను సంగతి తెల్వదు రూఫస్. మా నాయన పెట్టిన దుకాణం గనక కూసున్న. నా ముక్కుకు గూడ కొడుతున్నది, నానిన గోనెసంచి కంపు. కార్కు చెడింది. నువ్వే గాడికి పోయి, మూత తీసి, వాసన జూసి, మంచిదే అన్నవట. ఆరుగురు ఆఫీసర్ల ముంగట గ్లాసులల్ల పోసిన్రట.”

“జలుబు ఇంక తగ్గలేదు సేఠ్.”

“జలుబు జూన్‌ల పట్టింది. గిప్పుడు జులై అయిపోవస్తున్నది.”

రూఫస్ సీసాకు బిరడా బిగించసాగాడు. బిగిసిన దాన్నే మళ్లీ బిగించాడు. సేఠ్ వెనుక ఉన్న అలమారలో ఒకప్పుడు ఫ్రాన్సు వైను ఉండేది. యుద్ధంలో ఆ దేశం పడిపోయాక ఓడ రాలేదు. మూడేళ్లలో అరలు ఒక్కొక్కటే ఖాళీ అయి, ఇప్పుడు వాటిలో బిస్కట్ డబ్బాలు, జాము సీసాలు కూర్చున్నాయి.

సేఠ్ మెత్తబడ్డాడు. “సరే తియ్యి. రేపు నాంపల్లికి పోవాలె. బారిస్టర్ ప్రహ్లాద్ రావు ఇంటి కింద తహఖానా, వైను దాచిన నేలగది. ఆయన పోయి ఎనిమిది నెలలాయె. ఆయన భార్య కబురు పంపింది. ఏవి గిప్పుడు తాగేవో, ఏవి ఇంక దాచాల్సినవో చూసి చెప్పాలెనట. తాగేవి మనకిస్తదట, దాచేవి ఉంచుకుంటదట. గిన్ని ఫ్రాన్సు క్లారెట్ సీసాలు ఈ పట్నంల ఇంకెక్కడ లేవు. నీ ముక్కు మీద నా దుకాణం నడుస్తున్నది. అది యాద్ పెట్టుకో.”

“ఔ సేఠ్,” అన్నాడు రూఫస్.

సాయంత్రం చాపెల్ రోడ్డులోని ఇంటికి చేరి, అలవాటు ప్రకారం పంపు దగ్గర ఆగి, వేపపుల్ల నమిలి, ఉప్పునీళ్లతో నోరు పుక్కిలించాడు. పెళ్లినాడు మాబెల్ పెట్టిన షరతులు రెండు. ఆ పనిలో ఒక్క చుక్క గొంతు దిగకూడదు. ఆ వాసన గడప దాటకూడదు. ఇరవై రెండేళ్లలో రెండూ తప్పలేదు.

మాబెల్ ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. అప్పుడే వచ్చి కుంపటి మీద పాలు పెట్టింది. చినుకులు మొదలయ్యేసరికి, “జర పాలు చూడు,” అని చెప్పి ఆరేసిన బట్టల కోసం పెరట్లోకి పరుగెత్తింది. రూఫస్ కుంపటి పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. కార్కుస్క్రూ పిడి వదులైంది, దారం చుడుతున్నాడు. చుట్టి, లాగి, మళ్లీ చుట్టాడు.

“ఏమయ్యా!”

తల ఎత్తేసరికి మాబెల్ కొంగుతో గిన్నె దింపుతోంది. పాలు పొంగి, కారి, అడుగంటి, నల్లగా మాడిపోయాయి.

“పెరట్ల దాకా కొడుతున్నది మాడు. పక్కన్నే కూసోని ఏం జేస్తున్నవ్?”

“చూడలే.”

“చూడకుంటె సరే. వాసన గూడ రాలేదా?”

మాబెల్ గిన్నె కింద పెట్టి అతని ముఖంలోకి చూసింది. నెలరోజులుగా కూరలో ఉప్పు తప్ప మరో మాట అనని మనిషి. మొన్న మురిగిన గుడ్డు పగలగొడితే కదలకుండా కూర్చున్న మనిషి.

“కండ్లు మూసుకో,” అంది.

మూసుకున్నాడు. డబ్బా మూత తెరిచిన చప్పుడైంది. “ఇదేంది?”

“తెల్వదు.”

“ఇంగువ.” అడుగుల చప్పుడు, చేట కదిలిన చప్పుడు. “ఇదేంది?”

“లేదు మాబెలూ.”

“ఎండుచేపయ్యా. ఎండుచేప.” ఆమె గొంతు సన్నబడింది. తర్వాత అతని చెంపకు వెచ్చగా ఏదో దగ్గరికొచ్చింది. ఊపిరి తగిలింది. “ఇది?”

అతను నిండుగా గాలి పీల్చాడు. ఛాతీ నిండింది. ఇంకేమీ నిండలేదు.

“లేదు. ఏందది?”

“ఏం లేదు తియ్యి.”

కళ్లు తెరిచేసరికి మాబెల్ జడను వెనక్కి వేసుకుంటోంది. జడలో హాస్టల్ పిల్లలు పెట్టిన సన్నజాజులు ఉన్నాయి.

“ఎప్పటి సంది?”

“జ్వరం తగ్గినప్పటి సంది.”

“నాకెందుకు చెప్పలే?”

“దినాం లేస్తనే చూస్తున్న. దిండు వాసన చూస్తున్న, సబ్బు వాసన చూస్తున్న. ఇయ్యాల వస్తదేమో, రేపొస్తదేమో అని. చెప్తె ఇగ రాదేమోననిపించింది.”

మాబెల్ మాడిన గిన్నెలో నీళ్లు పోసింది. అది చాలాసేపు బుస్సుమంటూ ఉంది.

మరునాడు పొద్దున వాన వెలిసింది. బారిస్టరు ఇల్లు నాంపల్లి స్టేషనుకు అవతల, రెడ్ హిల్స్ పోయే దారిలో ఉంది. ఆయన భార్య విద్యావతి తాళంచెవుల గుత్తి పట్టుకుని తనే ముందు నడిచింది. యాభై దాటిన మనిషి. తెల్లటి నేతచీర, చేతికి మగవాళ్ల గడియారం. పదిహేడు మెట్లు దిగితే నేలమాళిగ. లాంతరు వెలుగులో టేకు అరలు, వాటిలో పడుకోబెట్టిన సీసాలు కనిపించాయి. అరల కాళ్ల కింద మందపాటి కొబ్బరిపీచు చాపలు పరిచి ఉన్నాయి. రైలు పోయినప్పుడల్లా నేల సన్నగా అదురుతుంది, సీసా అడుగున పేరుకున్న మడ్డి లేస్తుంది. అందుకని బారిస్టరు వేయించాడు. పైన గాలి కంతలకు వట్టివేళ్ల తడకలు వేలాడుతున్నాయి.

“ఎండకాలమంత వాటిని నేనే తడిపిన,” అంది విద్యావతి. “ఆయన మూడు పూటల తడిపించెటోడు. వైను గురించి నాకేం తెల్వదు, ఎన్నడు నోట్ల పెట్టలే. చల్లగ ఉండాలని మాత్రం తెలుసు.”

రూఫస్ నాలుగు అరల ముందు నాలుగుసార్లు ఆగాడు. 1924, 28, 29, 34. అన్నీ ఫ్రాన్సులోని బోర్డో సీమవే. ద్రాక్ష ఏ ఏడు పండిందో సీసా మీద రాసి ఉంటుంది. ద్రాక్ష పేరు ఉండదు. అది కాబర్నే అని, దాని తోలు మందమని, ఆ తోలులోని వగరు వల్లనే ఆ వైను ఏళ్ల తరబడి నిలుస్తుందని బారిస్టరే ఈ గదిలో అతనికి చెప్పాడు. వగరు తగ్గేదాకా ఆగాలి, పండు వాసన పోయేదాకా ఆగకూడదు. మధ్యలో కొన్నేళ్లే ఉంటాయి, వాటిని పట్టుకోవాలి అనేవాడు.

సీసాలను కదిలించకుండా, ఒక్కొక్కదాని మెడ వెనుక కొవ్వొత్తి పెట్టి, వైను ఎక్కడిదాకా ఉందో చూసుకుంటూ పోయాడు. 1924వాటిలో భుజం దాకా దిగింది. మిగతావాటిలో మెడలోనే నిలిచి ఉంది. ఇది కళ్ల పని. కళ్లు అతనివే. తర్వాత ఒక్కో అర నుంచి ఒక్కో సీసా తీసి, మూతి మీది రేకు ఒలిచి, కార్కు చప్పుడు కాకుండా లాగి, దాన్ని వేళ్ల మధ్య నొక్కి చూశాడు. గ్లాసును ముక్కు దాకా తెచ్చి ఆగాడు. విద్యావతి లాంతరు పైకెత్తి అతని ముఖమే చూస్తోంది. ఇక్కడ, ఈ గ్లాసుతోనే, బారిస్టరు పక్కన నిలబడి ఎన్నిసార్లు చూశాడో. అప్పుడు ముక్కు పెట్టగానే ఒక తోట తెరుచుకున్నట్టుండేది.

“ఇంటికాడ తీరిగ్గ చూసి రేపు చెప్తనమ్మా,” అన్నాడు.

సంచిలోంచి నాలుగు చిన్న మందుసీసాలు తీశాడు. గాలి చొరకుండా అంచుదాకా నింపి, బిరడాలు నొక్కి, ఏ ఏడుదో పెన్సిలుతో కాగితం ముక్కల మీద రాసి కట్టాడు.

గేటు బయటికి రాగానే సేఠ్ అడిగాడు. “ఇంటికాడనా? ఎన్నడన్న గట్ల చేసినవా?”

“పొద్దుగూకేసరికి ముక్కు ఇడుస్తది సేఠ్.”

సేఠ్ దాన్ని పట్టించుకోలేదు. ఆయన మనసులో వేరేది ఉంది. “ఇను. ఇరవై ఎనిమిదివి నాలుగు డజన్లున్నయి. అన్నిట్ల అవే ఎక్కువ. దాచాలె అంటివా, ఆమె ఉంచుకుంటది. ఎవరి కోసం? ఇంట్ల తాగే మనిషి లేడు. అవి చచ్చినయి అని చెప్పు. పారబోసే బాధ నీకెందుకమ్మా, మేమే తీసుకపోతం అని నేనంట. బొల్లారం ఆఫీసర్లకు చచ్చిందేదో బతికిందేదో తెల్వదు. ఎర్రగ ఉంటె చాలు.”

“అబద్ధం గద సేఠ్.”

“మన అలమార చూసినవ్ గద రూఫస్. దుకాణం మూస్తె నువ్వేడికి పోతవ్? నేనేడికి పోత?”

ఆ మాటలో దబాయింపు లేదు. రూఫస్ సంచిని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

సాయంత్రం మాబెల్ వచ్చేసరికి నాలుగు మందుసీసాలు పంపు గట్టు మీద వరసగా నిలబడి ఉన్నాయి. రూఫస్ వాటి పక్కన కూర్చుని ఉన్నాడు.

“అవేంది గీడ?”

చెప్పాడు. సేఠ్ అన్నదీ చెప్పాడు. చివరకు అడగలేక అడిగాడు. “వాసన చూసి చెప్తవా?”

మాబెల్ చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, గడప మీద కూర్చుంది. “పదహారేండ్లప్పుడు మెదక్ చర్చిల ఒట్టు కాగితం మీద సంతకం పెట్టిన. సారా, కల్లు, బ్రాందీ, ఏ మద్యమైన సరే నోట్ల పెట్టను, గడప దాటనియ్యను అని.”

“ఔ. నాకు తెలుసు.”

ఆమె కాసేపు ఆ సీసాల వంక చూసింది. “ముక్కు మాట అండ్ల లేదు,” అంది. లేచి గడప అవతలికి, గట్టు మీదికి వచ్చి కూర్చుంది.

మొదట ఇరవై తొమ్మిది. రూఫస్ గ్లాసులో కొంచెం పోసి తిప్పి ఇచ్చాడు. పాముపిల్లను ఇచ్చినట్టు అందుకుంది. ముక్కు దూరంగా పెట్టి, తర్వాత దగ్గరగా పెట్టి, తర్వాత కళ్లు మూసుకుంది. ఇరవై ఏళ్లుగా వందమంది పిల్లల పులుసును రుచి చూడకుండా వాసనతోనే దించే మనిషి.

“నేరేడు పండ్లు. చెట్టు మీదివి కావు, మాగి కింద రాలినయి. ఎండిన గులాబి రేకులు. ఇంగ… చిన్నగ పొగ. కట్టెపొయ్యిది కాదు, చుట్టపొగ.”

రూఫస్ గుక్కెడు నోట్లోకి తీసుకున్నాడు. నాలుకకు మెత్తగా తగిలింది. ఎక్కడా గీరలేదు. కాలువలో ఉమ్మి, “ఇది ఇప్పుడు తాగాలె,” అన్నాడు. “ఇంక?”

“చెప్పిన గద.”

“మళ్ల చెప్పు. రేకులన్నవే, అవి.”

ఆమె మళ్లీ చెప్పింది. ఇరవై నాలుగు దగ్గర ముఖం చిట్లించింది. “పాత పెట్టె తెరిచినట్టు. పుట్టకొక్కులు. పండు లేనే లేదు. కొసకు సిర్కా, పులిసిన వాసన.” అది ముసలిదైందని, ఈ వానాకాలం దాటితే ఇక లేదని రూఫస్ చెప్పాడు. ముప్పై నాలుగు అందుకుని ఆమె వెంటనే అంది. “పచ్చిమిరపకాయ తొడిమ తుంచినట్టుంది. ద్రాక్షల మిరపకాయేంది?”

రూఫస్ పెన్సిలు ఆగిపోయింది. అది ఆ ద్రాక్ష గుర్తు. కాబర్నే లేతగా ఉన్నప్పుడు ఆ పచ్చివాసన ఉంటుంది. అది పట్టుకోవడానికి తనకు ఆరేళ్లు పట్టింది. చెప్పకుండానే మాబెల్ చెప్పింది. అతను తల వంచుకుని కాగితం మీద ఏదో రాస్తున్నట్టు చాలాసేపు ఉండిపోయాడు.

ఇరవై ఎనిమిది దగ్గర ఆమె మూడుసార్లు ప్రయత్నించింది. గ్లాసును అరచేతుల మధ్య వెచ్చబెట్టింది. “కొత్త పలక వాసన ఉన్నట్టె ఉంది, పోయింది. దీంట్ల ఏం లేదయ్యా.”

రూఫస్ నోట్లో పోసుకున్నాడు. వక్క నమిలినట్టు, కరక్కాయ కొరికినట్టు నాలుక, చిగుళ్లు, బుగ్గలు అన్నీ బిగుసుకుపోయాయి. పదిహేనేళ్ల వైనులో ఇంత వగరు. ఆ వగరు వెనుక పండు నిద్రపోతోందా, లేక పండు ఎప్పుడో పోయి వగరొక్కటే మిగిలిందా? మొదటిదైతే దాచాలి. రెండోదైతే సేఠ్ అన్నదే నిజం. పండును నాలుక చెప్పలేదు. నాలుక మీద ఉన్నప్పుడు గొంతు వెనుక నుంచి ముక్కుకు ఎక్కే వాసన చెప్పాలి.

“బతికే ఉందనిపిస్తుంది,” అన్నాడు.

“అనిపిస్తుందా, తెలుసా?”

అతను గ్లాసు కడగడానికి లేచాడు.

శుక్రవారం పొద్దున నేలమాళిగలో ముగ్గురే ఉన్నారు. రూఫస్ మూడు అరల సంగతి చెప్పాడు. ఇరవై తొమ్మిది ఇప్పుడు. ఇరవై నాలుగు వెంటనే. ముప్పై నాలుగు ఇంకో నాలుగేళ్లు. విద్యావతి తల ఊపుతూ విన్నది. ఇరవై ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి సేఠ్ నిన్న తీసిన సీసాలోంచి గ్లాసులో పోసి, వాసన చూసి, ముందుకు వచ్చాడు.

“అవి చచ్చినయమ్మా. వాసన లేదు. కావాల్నంటె మీరే చూడున్రి. పారబోసే బాధ మీకొద్దు, మేమే తీసుకపోతం.”

విద్యావతి గ్లాసు అందుకోలేదు. “ప్రతి ఏడు తన పుట్టినరోజు నాడు ఆయన వాటిల్ల ఒకటి తీసెటోడు. పైకి వచ్చి నా ముంగట కూసోని ‘ఇంక కాలే విద్యా’ అనెటోడు. పోయిన ఏడు గూడ గట్లనే అన్నడు. ఏడాదిల చస్తదా?” ఆమె రూఫస్ వైపు తిరిగింది. “నువ్వు చెప్పు. చచ్చినయా?”

“లేదమ్మా. ఇంక కాలే. దాచాలె.”

సేఠ్ ముఖం ఎర్రబడింది. విద్యావతి ఒక్క అడుగు ముందుకు వేసింది. “నువ్వే వాసన చూసినవా?”

ఔనంటే అయిపోయేది. అతను ఔననడానికే నోరు తెరిచాడు. లాంతరు వెలుగులో ఆమె ముఖం చూశాడు. తడకలు తడుపుతూ వేసవి అంతా ఆ మాట కోసం కూర్చున్న ముఖం.

“లేదమ్మా. నాకు ముక్కు పోయింది. జ్వరంల పోయింది. మా ఆమె చూసి చెప్పింది. వాసన ఆమెది, నాలుక నాది.”

సేఠే ముందు అన్నాడు. కోపం కంటే దెబ్బతిన్నట్టు ఉంది ఆయన గొంతు. “ఇరవై ఏండ్లు నా దగ్గరున్నవ్. నాకు చెప్పలేకపోయినవా?” తర్వాత విద్యావతితో, “విన్నరు గదా. ముక్కు లేని మనిషి, వైను ఎరగని ఆడమనిషి. వీళ్ల మాట మీద నాలుగు డజన్లు దాస్తరా?”

నిజం చెప్పిన నిమిషంలోనే తన మాటకు విలువ లేకుండా పోయిందని రూఫస్‌కు అర్థమైంది. సంచి భుజాన వేసుకున్నాడు.

“ఆగు,” అంది విద్యావతి. “మీ ఆమెను తీసుకరా. నా ముంగట చూడమను.”

హాస్టల్లో మధ్యాహ్నం వంట దించాక మాబెల్ వచ్చింది. కొంగుకు పసుపు మరక అలాగే ఉంది. మెట్లు దిగి, విద్యావతికి నమస్కారం పెట్టి, ఎవరూ చెప్పకముందే అరల మధ్య నిలబడి ముక్కు పైకెత్తింది. “వట్టివేళ్లు. టేకు. ఎలుక గూడ ఉన్నదమ్మా, గా మూలకు,” అంది. విద్యావతి పెదవుల మీద నవ్వు కదిలింది.

రూఫస్ ఇరవై ఎనిమిదిలో కొత్త సీసా తీశాడు. కొవ్వొత్తి వెలుగులో మడ్డి రాకుండా గాజు కూజాలోకి సన్నటి ధారగా వంచి, కాసేపు ఆగి, గ్లాసులో పోసి ఇచ్చాడు. మాబెల్ చాలాసేపు ముక్కు దగ్గర పెట్టుకుంది.

“నిన్నటి లెక్కనే. వాసన లేదమ్మా. అబద్ధం చెప్పను.”

“చూసిన్రా,” అన్నాడు సేఠ్.

“వగరు చూడున్రి సేఠ్. చచ్చిన వైనుకు ఇంత జోరుండదు…”

“నీ నాలుక మాట ఇగ చాలు రూఫస్.”

మాబెల్ భర్త వంక చూసింది. ఇరవై రెండేళ్లలో అతన్ని పని దగ్గర చూడటం ఆమెకు ఇదే మొదటిసారి. చేతిలో తుండు మెలిపెట్టుకుని, వేలెత్తి చూపించినా తిరిగి ఒక మాట అనలేక నిలబడి ఉన్నాడు.

“నోట్ల పోసుకుంటె తెలుస్తదా?” అని అడిగింది.

“వద్దు మాబెలూ.”

“తెలుస్తదా అని అడిగిన.”

అతను తుండు మెలి విప్పాడు. “తెలుస్తది.”

ఆమె గ్లాసు ఎత్తింది. మొదటి తాకిడికి ముఖమంతా ముడుచుకుపోయింది, పచ్చి వెలక్కాయ కొరికినట్టు. రూఫస్ బారిస్టరు వాడిన ఉగల్దాన్ అందుకుని ఆమె ముందు పట్టుకున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కళ్లు మూసుకుంది. పైన రైలు వస్తోంది. నేల అదిరింది, ఎక్కడో ఒక సీసా ఇంకో సీసాకు తగిలి చిన్నగా మోగింది. ఆమె గొంతు కదలడం రూఫస్ చూశాడు. మింగింది.

రైలు పోయింది. ఆమె కళ్లు తెరవలేదు.

“ముందు ఏం లేదు,” అంది మెల్లగా. “మూతి పట్టేసింది. మింగినంక… ఎనకనుంచి వస్తున్నది. నేరేడు. పచ్చిది కాదు, ఎండింది కాదు. నిండు పండు. లోతుల ఉన్నది. మా ఊర్ల దిగుడుబావి అడుగుల నీళ్లున్నట్టు. వంగి చూస్తె కనబడవు. రాయేస్తె వినబడతయి.”

సేఠ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఎన్నేండ్లు ఆగాలె?” అని అడిగింది విద్యావతి.

మాబెల్ రూఫస్ వైపు చూసింది. ఆ లెక్క అతనిది.

“పదేండ్లమ్మా.”

“పదేండ్లు.” ఆమె అరల దగ్గరికి వెళ్లి, ఒక సీసా మీద చెయ్యి వేసి, తీయలేదు. “అయితె అవి ఉండనియ్యి. ఏడాదికొకసారి వచ్చి చూసి చెప్పిపోవాలె. మీరిద్దరు.”

సేఠ్ ఇరవై తొమ్మిదివీ ఇరవై నాలుగువీ బండికి ఎత్తించాడు. దుకాణం చేరాక రూఫస్‌ను వైను వైపు నుంచి తీసి బిస్కట్ డబ్బాల వైపు నిలబెట్టాడు. శనివారం మూసే వేళకు తనే దగ్గరికి వచ్చాడు.

“ఒకటి జేద్దాం. సీసాలు తీసినప్పుడు నువ్వు చుక్క ఇంటికి తీసుకపో. ఆమె చూసి చెప్పని, నువ్వొచ్చి నాకు చెప్పు. బయటికి మాత్రం నీ పేరే. ఆడమనిషి వైను చూస్తదని తెలిస్తె దుకాణానికి ఇజ్జత్ ఉండదు.”

“అడుగుత సేఠ్,” అన్నాడు రూఫస్. అడగలేదు. ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పాడంతే. మాబెల్ విని, “నా ముక్కుకు నీ పేరెందుకు?” అంది. అక్కడితో ఆ సంగతి అయిపోయింది.

ఆదివారం చర్చిలో ఆరాధన తర్వాత, మద్యం ముట్టమని సంతకాలు పెట్టించే ఆడవాళ్ల సమాజం కూర్చుంది. శుక్రవారం జరిగింది మాబెలే వాళ్లకు చెప్పింది. మగవాళ్లు వరండాలో నిలబడ్డారు. రూఫస్ కిటికీ పక్క గోడకు ఆనుకున్నాడు. లోపల మాటలు వినిపిస్తున్నాయి. సమాజం పెద్ద బెత్సీ అమ్మగారు. ఈడు పైబడినా ఖంగుమనే గొంతు.

“బలవంతాన నోట్ల పోసుకున్నవ్, మొగని కొలువు కోసం. దేవుడు చూస్తడమ్మా. ఏడువకు. కొత్త కాగితం మీద మళ్ల సంతకం పెట్టు, ఐపోయె.”

“నేను ఏడుస్తలేనమ్మా,” అంది మాబెల్ గొంతు. “ఎవ్వరు బలవంతం చెయ్యలే. ఆయన వద్దన్నడు. నేనే పోసుకున్న. ఉమ్మితె సగమే తెలుస్తదనిపించి మింగిన.”

“సరే. తప్పయిందని ఒప్పుకుంటున్నవ్ గద.”

ఎవరో బెంచీ మీద సర్దుకున్నారు.

“మాట తప్పిన. అది ఒప్పుకుంట. కని మంచిగుండెనమ్మా. మంచిగ లేకుండె అని చెప్పి సంతకం పెట్టలేను. కాగితం మీరే ఉంచుకోన్రి.”

ఆమె బయటికి వచ్చేసరికి వరండాలో మగవాళ్లు దారి ఇచ్చారు. ఎవరూ పలకరించలేదు. మాబెల్ తల వంచుకోలేదు, ఎత్తనూ లేదు. మామూలుగానే నడిచి గేటు దాటింది. రూఫస్ పక్కన కలిశాడు. వాన ఆగి రోడ్డు మెరుస్తోంది. స్టేషన్ వైపు నుంచి రిక్షాలు వస్తున్నాయి. ఇద్దరూ కొంత దూరం నడిచారు.

ఇరవై రెండేళ్లలో రూఫస్ ఎన్ని వేల గుక్కలు నోట్లోకి తీసుకున్నాడో. ఏ రంగు, ఏ వాసన, ఎంత పులుపు, ఎంత వగరు అని ఎంతమందికి చెప్పాడో. ప్రతి గుక్కా ఉమ్మేశాడు. ఉమ్మాక ఏముంటుందో ఇంగ్లీషు దొరలు చెప్పుకుంటుంటే పక్కన నిలబడి విన్నాడు. ఆమెకిచ్చిన మాట కోసం విన్నాడు, బాధ లేకుండానే విన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం ఆమె గొంతు కదలడం చూసిన దగ్గర్నుంచి మాత్రం ఒక్కటే అడగాలని ఉంది. అడిగితే తప్పు పట్టినట్టవుతుందేమోనని రెండు రోజులు ఆగాడు.

“మాబెలూ. మింగితె ఎట్లుంటది?”

ఆమె ఆగిపోయింది. అతని ముఖంలోకి చూసింది. అప్పుడు తెలిసింది ఆమెకు, ఇతనికి అది తెలియదని. ఇన్నేళ్లూ నిజంగానే తెలియదని. ఇకమీదట ఆ ముక్కుతో తెలిసే దారి కూడా లేదని.

“గొంతు దిగినంక పోతదనుకున్న,” అంది. “పోలే.”

“ఎంతసేపున్నది?”

“నాంపల్లి నుంచి హాస్టలు దాకా నడిచిన గదా. అంతసేపు. పిల్లలకు పొద్దుమూకి గంజి పోస్తుంటె గూడ ఉన్నది. జర జర మారుకుంట ఉన్నది. ముందు నేరేడు, తర్వాత పలక, తర్వాత ఏదో… పేరు తెల్వదు.”

“పేరొద్దు. ఎట్లుండెనో చెప్పు.”

వెనుక నుంచి రిక్షా గంట కొట్టింది. రూఫస్ ఆమె మోచెయ్యి పట్టుకుని రోడ్డు పక్కకు జరిపాడు, పట్టుకున్న చెయ్యి తీయలేదు. చాపెల్ రోడ్డు మలుపు వచ్చింది. ఇద్దరూ ఇంటి వైపు తిరగకుండా తిన్నగా పబ్లిక్ గార్డెన్స్ వైపు నడిచారు.

“మొదటి నుంచి చెప్పు,” అన్నాడు రూఫస్. “తొందర లేదు.”

మాబెల్ మొదటి నుంచి చెప్పసాగింది.